పూటీల బండి నుంచి కార్బన్ చక్రం దాకా

1882లో బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన నాటికి కళ్యాణదుర్గం సీమలో చక్రమంటే ఎద్దులబండి చక్రమే. నడుమ కుండ, అందులో దిగగొట్టిన ఆకులు, ఆకుల కొసలను కలిపే పూటీలు, వాటన్నిటినీ చుట్టి బిగించే ఇనుప పట్టా. కొయ్యపని వడ్రంగిది. పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు చల్లే పని కమ్మరిది. చల్లారే కొద్దీ ఇనుము కుంచించుకుని కొయ్యను పిడికిలిలా పట్టేది. ఈ చక్రంలో బరువు కిందివైపు ఆకు మీద పడుతుంది, ఆ ఆకు నిలబడి మోస్తుంది. గులకరాళ్ళ ఎర్రనేలల్లో, వాగుల ఇసుకలో అంత భారం మోయాలంటే ఆకు లావుగా ఉండక తప్పదు. అందుకే బండి చేయించుకునే రైతు చక్రం తూకం ఎంతని అడిగిన పాపాన పోలేదు. ఏ దారిన పోవాలి, ఎంత మోయాలి, విరిగితే బాగుచేసే మనిషి ఎక్కడున్నాడు అన్న మూడే చూసుకునేవాడు.

దాదాపు ఆ కాలంలోనే ఐరోపాలో చక్రం స్వభావమే మారిపోతోంది. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ కొయ్య ఆకుల స్థానంలో సన్నని తీగలు బిగించాడు. 1874లో ఇంగ్లండ్‌లో జేమ్స్ స్టార్లీ ఆ తీగలను హబ్బుకు వాలుగా, ఒకదానిమీదుగా ఒకటి పోయేటట్టు అల్లే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నిలబడి మోసే చక్రం పోయి లాగిపట్టి మోసే చక్రం వచ్చింది. బరువు పడితే కిందితీగల బిగువు కొంచెం సడలుతుంది, అంతే. 1888లో బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ గాలి నింపిన టైరు తెచ్చాడు. ఆ పెద్దమనిషి మన పల్లెలను చూసి ఎరగడు గాని, ఆయన పేరు మాత్రం ఇక్కడ డన్లప్ బండిగా స్థిరపడింది. ఎద్దు మెడ మీది భారం తగ్గించినవాడి పేరు ఎద్దుబండికే మిగలడం న్యాయమే.

సైకిలు ఊరి సొత్తు అయింది మాత్రం స్వాతంత్ర్యం తర్వాతే. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, ఆ వెంటనే ఆసన్‌సోల్‌లో సేన్-రాలే, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాయి. అవి దేశానికంతా పంచిన చక్రం ఒక్కటే: 28 అంగుళాల ఉక్కు రిమ్ము, ముందు 32 పుల్లలు, వెనక 40. ఆ ఎనిమిది పుల్లల తేడాలో కరువుసీమ జీవితమంతా ఉంది. వెనక కారియర్ మీద శెనక్కాయల మూట, పాల క్యాను, కట్టెల మోపు. బోర్లు ఎండిన వేసవుల్లో ఇరువైపులా వేలాడే నీళ్ళ బిందెలు. అద్దె సైకిళ్ళ అంగడి, పంచాయతీ పన్ను కట్టి తగిలించుకున్న బిళ్ళ, పల్లేరుకాయ గుచ్చుకుంటే సొల్యూషన్ పూసి అతుకు వేసే మెకానిక్ ఆ తరం గుర్తులు. చక్రం బెండు తీయడం నిజంగా ఒక విద్య. ఫోర్కు సందున చక్రాన్ని తిప్పుతూ, ఏ పుల్లను ఎంత బిగించాలో, ఏది వదలాలో కంటితో, చెవితో తేల్చేవారు.

పందేల లోకంలో ఇంకో కథ నడిచింది. టూర్ డి ఫ్రాన్స్ తొలి దశాబ్దాల్లో కొయ్య రిమ్ములే ఉండేవి. 1934లో విజేత ఆంటోనిన్ మాన్య అల్యూమినియం రిమ్ములకు కొయ్య రంగు పూసి తొక్కాడని చెబుతారు. తర్వాతి మలుపు కార్బన్: 1960లలో జపాన్‌లో అకియో షిండో, ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో విమాన పరిశోధనశాల కార్బన్ పోగును బలపరిచారు. 1971లో టోరే సంస్థ దాన్ని అంగడి సరుకు చేసింది. 1984 జనవరిలో మెక్సికో నగరంలో ఫ్రాన్సెస్కో మోజర్ పుల్లలు కనబడని పళ్ళెపు చక్రాలతో గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కి, ఎడ్డీ మెర్క్స్ 1972 నాటి రికార్డును దాటాడు. గాలిని చీల్చడం తూకం కన్నా పెద్ద సంగతని లోకానికి అప్పుడు తెలిసింది. తర్వాత జర్మనీలో ఒబర్‌మేయర్, డీర్ల్ జంట చేతులతో అల్లిన 'లైట్‌వెయిట్' కార్బన్ చక్రాలు, అమెరికాలో జిప్ చక్రాలు పేరు తెచ్చుకున్నాయి. బక్కచిక్కిన సైకిళ్ళ పోటీ ముదిరేసరికి 2000లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సైకిలు బరువు 6.8 కిలోలకు తగ్గకూడదని హద్దు గీసింది.

అదే 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనను నేను ఈ చరిత్రలో మలుపుగా లెక్కిస్తాను. తారు లేని దారిలో సన్నటైరు చక్రానికి చోటు లేదు. దారులు నునుపయ్యే వేళకు పెద్దవాళ్ళు మోటారుసైకిళ్ళు ఎక్కేశారు. సైకిలు పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు మిగిలింది. 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ ఇచ్చిన సైకిళ్ళు, ప్రభుత్వ 'బడికొస్తా' సైకిళ్ళు ఎందరినో హైస్కూలు దాకా చేర్చాయి. మరోవైపు బెంగళూరు కొలువులకు వెళ్ళిన ఈ సీమ కుర్రాళ్ళకు అక్కడి దుకాణాల్లో గేర్ల రోడ్ బైకులు, వాటితోపాటు కార్బన్ చక్రాలు పరిచయమయ్యాయి.

అలా కొనదలచినవారికి తూకం మోజు ముందు వస్తుంది. మామూలు అల్యూమినియం జత 1,800 గ్రాములుంటే మంచి కార్బన్ జత 1,400 ఉండవచ్చు. మనిషితో కలిపి 80 కిలోల బరువులో ఆ 400 గ్రాములు అరశాతం. చక్రం అంచున తగ్గిన బరువు వేగం అందుకునేటప్పుడు కొంత ఎక్కువ లాభమిస్తుంది గాని, కంబదూరు, కుందుర్పి వైపు సాగే దారుల్లో ఒకే వేగంతో పోయేవాడికి ఆ లాభమూ కరిగిపోతుంది. ఇక్కడ పట్టించుకోవలసింది గాలి. 1990లలో రామగిరి కొండల మీద గాలిమరలు వెలిసింది ఊరికే కాదు. ఆషాఢపు పడమటి గాలిలో 60 మిల్లీమీటర్ల లోతు రిమ్ము ముందు చక్రానికి ఉంటే హ్యాండిల్ చేతిలో నిలవదు. ముందు 35, వెనక 45 లేదా 50 ఈ పీఠభూమికి చాలు.

ఎండ రెండో సంగతి. కార్బన్ పొరలను పట్టి ఉంచే రెజిన్ వేడికి మెత్తబడుతుంది. హార్స్‌లీ కొండల దిగుడులో రిమ్మునే ఒరిసే బ్రేకు పదేపదే పట్టినవారి రిమ్ములు ఉబ్బే ప్రమాదం ఉంది. డిస్క్ బ్రేకులు ఆ బాధను తీర్చాయి కనుక కొత్తగా కొనేవారు అటే వెళ్ళాలి. ముళ్ళకు ట్యూబులేని టైరు, లోపల సీలెంటు మంచి విరుగుడు, ఎండకు సీలెంటు త్వరగా ఆరిపోతుందని గుర్తుంటే. కొక్కెం లేని అంచు (హుక్‌లెస్) రిమ్ములో గాలి సుమారు 72 పీఎస్‌ఐ దాటకూడదు. పాతకాలపు అలవాటుతో టైరు రాయిలా కొట్టించేవారు కొక్కెమున్న రకమే తీసుకోవడం క్షేమం.

కార్బన్ పుల్లలను రిమ్ముకు, హబ్బుకు కలిపి అతికించిన చక్రం చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఒక్క పుల్ల విరిగితే మొత్తం చక్రాన్ని పెట్టెలో పెట్టి తయారీదారుకు పంపాలి. దానికి బదులు ఉక్కు పుల్లలు, వాటిని బిగించే నిపిల్స్ బయటికి కనిపించేవి, 24 పుల్లలు ఉన్నది తీసుకుని, పుల్లల పొడవు రాయించుకుని నాలుగు అదనంగా తెచ్చిపెట్టుకుంటే, ఊళ్ళో బెండు తీయడం తెలిసిన ఏ మెకానిక్ అయినా సాయంత్రానికల్లా చక్రాన్ని దారిలో పెడతాడు.