బీరువా నుండి వర్చువల్ డిస్కు దాకా

మన కాలంలో రికార్డు అంటే బీరువా, ఫైళ్ళ కట్టలు, తాళంచెవి. ఆ బీరువా కంప్యూటరులోకి ఎలా చేరిందో మనవి చేస్తాను.

1956లో ఐ.బి.ఎం. సంస్థ 'రామాక్' యంత్రంతో తొలి హార్డ్ డిస్కును తెచ్చింది. 50 పళ్ళేలున్నా అందులో పట్టినవి సుమారు 50 లక్షల అక్షరాలే. 1972లో అదే సంస్థ ప్రకటించిన వి.ఎం./370 ఒకే పెద్ద యంత్రాన్ని అనేక యంత్రాలుగా చూపింది. డిస్కును కూడా ముక్కలు చేసి 'మినీ డిస్కు'లుగా పంచింది. ఎవరి ముక్క వారికి సొంత డిస్కులాగే కనిపించేది. వర్చువల్ డిస్కు అంటే ఇదే. 2004లో ఐ-స్కజీ ప్రమాణం వెలువడింది. దాంతో డిస్కులు వేరే గదిలోని స్టోరేజి సర్వరులో ఉన్నా, మామూలు నెట్‌వర్కు మీదుగానే యంత్రాలకు అందసాగాయి.

ఆ సర్వరే ఇప్పటి రికార్డు కీపరు. ఏ యంత్రానికి ఏ డిస్కు కనబడాలో దాని జాబితాలో రాసిపెట్టాలి. తగిన కట్టుబాటు లేకుండా రెండు యంత్రాలు ఒకే డిస్కుపై రాస్తే, ఇద్దరు గుమాస్తాలు ఒకే పేజీలో ఒకేసారి లెక్క రాసినట్టే, రెండూ పాడవుతాయి. సర్వరు చెడితే దాన్ని నమ్ముకున్న యంత్రాలన్నీ ఆగుతాయి. అందుకే మరోచోట నకలు ఉండి తీరాలి.

నేడు మన పింఛను లెక్కలూ కంప్యూటర్లలోనే ఉన్నాయి. కనుక పి.పి.ఓ., సర్వీసు రిజిస్టరు నకళ్ళు ఇంట్లో భద్రపరచి, ఎక్కడ పెట్టారో ఇంటివారికి తప్పక చెప్పండి.