మెట్టె మీద రవ్వ

రాయచూరులో తీన్ కందీల్ రద్దీలోంచి పక్క సందులోకి మళ్లితే, ఒక మనిషి కూర్చుంటే నిండిపోయే అంగడి. ఈ పూట ఇద్దరున్నారు, రెండో మనిషి మీరు. బయట రాయచూరు ఎండ మండిపోతోంది. లోపల ఫ్యాను తిరగడం లేదు. కరెంటు ఉంది, అయినా వెయ్యరు: గాలి తగిలితే మంట పక్కకు పోతుంది. లైటు కూడా మసకే. ఎక్కువ వెలుతురులో లోహం ఎరుపు తిరగడం కంటికి ఆనదు.

అంగడి పత్తార్, అంటే కంసాలి, మీ చేతిలో ఓ తీగముక్క పెడతాడు. "రాగిది. ముందు దీన్ని పాడుచెయ్యి తమ్మీ. వెండి సంగతి తర్వాత." అదే నోటితో గడప దగ్గర నిలబడ్డావిడకు కన్నడంలో ధర చెబుతాడు, టీ కుర్రాణ్ని ఉర్దూలో పిలుస్తాడు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊరిది.

ఇదే జిల్లాలో, లింగసుగూరు తాలూకా హట్టిలో బంగారు గని ఇప్పటికీ నడుస్తోంది. వెండికి మాత్రం అలాంటి సొంత ఊరు లేదు. మన దేశంలో దొరికే వెండిలో ఎక్కువ భాగం రాజస్థాన్ సీసం, జింకు గనుల్లో వాటితోపాటు వచ్చేదే.

రాగి మీద చెయ్యి కుదిరాక అసలు పని. 37 గ్రాముల మేలిమి వెండికి 3 గ్రాముల రాగి తూచి మూసలో వేస్తారు. అంటే నూటికి తొంభై రెండున్నర పాళ్లు, నగ మీద 925 అని ముద్ర వేసేది ఈ పాళ్లకే. మేలిమి వెండి మరీ మెత్తన, నగ సొట్టలు పోతుంది. చిటికెడు వెలిగారం చల్లి మంట పెడతారు. ముక్కల అంచులు గుండ్రబడి, ఒకదాంట్లోకొకటి జారి, ముద్ద తళతళలాడుతూ తిరుగుతుంది. అచ్చులో పోసి, ఆరాక కడ్డీని దాగలి మీద పెట్టి సుత్తి మీకిస్తాడు.

మొదటి దెబ్బలకు వెండి బాగానే సాగుతుంది. తర్వాత మొండికేస్తుంది, సుత్తి చప్పుడే మారుతుంది. అప్పుడు ఆపి కాల్చాలి. ఆపకపోతే అంచులు పగులుతాయి. చీకటి మూలకు పట్టుకుంటే లేత ఎరుపు కనబడేంత సెగ, అంతకు మించకూడదు. కాల్చడం, చల్లార్చడం, కొట్టడం. కడ్డీ సన్నబడ్డాక మైనం రాసి కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగాలి, ఒక్కో బెజ్జం ముందుదానికంటే చిన్నది. పటకారు బిగించి, పాదం తన్నిపట్టి లాగుతుంటే భుజం పీకుతుంది.

తీగలోంచి చిన్న తునక కత్తిరించి బొగ్గు మీద పెట్టమంటాడు. మంట సోకగానే తునక ఎర్రబడుతుంది, ముడుచుకుంటుంది, ఉన్నట్టుండి దానంతటదే గుండ్రంగా చుట్టుకుపోయి ఆవగింజంత రవ్వ అవుతుంది. ఎవరూ దిద్దలేదు, అచ్చూ లేదు. ఈ ఒక్కటి చూడ్డానికైనా పత్తార్ పక్కన కూర్చోవచ్చని నేనంటాను.

ఇప్పుడు ఆ రవ్వని మెట్టె మీద అతకాలి. కొత్తవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. అతుకు చోట వెలిగారం నీళ్లు పూసి, వెండిలో ఇత్తడి కలిపి చేసిన టంకం తునక ఆనించి, మంట నేరుగా దాని మీదకు తిప్పుతారు. మీరూ అదే చేస్తారు.

"అట్ల కాదు తమ్మీ. మొదలు మెట్టె కాల్చు. సెగ యాడుంటే టంకం ఆడికే వస్తది."

లోహాలన్నిటిలో వేడిని ఎక్కువగా పారనిచ్చేది వెండే. ఒక్కచోట మంట పెడితే ఆ సెగ చుట్టంతా పారిపోతుంది, మెట్టె వేడెక్కదు. ఈలోపు ఆవగింజంత రవ్వ కరిగి చదునైపోతుంది. 925 వెండి పూర్తిగా కరిగేది 890 డిగ్రీల దగ్గర. టంకానికి 700 పైచిలుకు చాలు. మీకున్న జాగా అంతే. మంటని దూరంగా, మెట్టె చుట్టూ తిప్పాలి. వెలిగారం పొంగుతుంది, అణుగుతుంది, గాజులా పారుతుంది. చుట్టంతా ఒకే రంగు తిరిగాక మంట దగ్గరికి జరిపితే, టంకం సన్నని మెరుపై రవ్వ కిందికి ఒక్కసారిగా పరుగెడుతుంది. మెరుపు కనబడిందా, మంట తీసెయ్యాలి. ఇంకొక్క క్షణం ఆగితే మెట్టే కుంగిపోతుంది.

అతికిన మెట్టె నల్లగా ఉంటుంది. అది రాగి చేసిన పని. పులుసులో వేసి, కుంకుడు నురుగులో బ్రష్షుతో రుద్దితే తెలుపు తేలుతుంది. ఆకురాయి పట్టేటప్పుడు ఒళ్లో గుడ్డ పరుచుకోండి, రాలిన పొడి మళ్లీ మూసలోకే. ఊడ్చిన మట్టిని కూడా ఇక్కడ పారెయ్యరు.

సర్కారు సాయం గురించి ఒక మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కంసాలి పని కూడా ఉంది. 40 గంటల ప్రాథమిక శిక్షణ, శిక్షణ సాగినన్నాళ్లు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. అయితే అది ఇప్పటికే చేతిపని చేసుకుంటున్నవాళ్లకే. నేర్చుకుందామని కొత్తగా వచ్చేవాళ్లకు వర్తించదు. మీరు అలాంటివాళ్లైతే మూర తీగ, బొగ్గు ముక్క, కాస్త వెలిగారం కొనుక్కుని రాగితోనే మొదలుపెట్టండి. మంట రంగు కంటికి తెలిసేదాకా వెండి జోలికి పోవద్దు.