పలెర్మోలో ఒక పగలు

మధ్యధరా సముద్రమున సిసిలీ ద్వీపమునకు ముఖ్యపట్టణమైన పలెర్మోను 831లో అరబ్బులు గ్రీకుల నుండి గెలుచుకొనిరి. 1072లో నార్మనులు అరబ్బుల నుండి గెలుచుకొనిరి. గెలిచినవారు ఓడినవారి పనితనమును మాత్రము పారద్రోలలేదు. దానికి సాక్ష్యములు ఒక్క పగటిలో చూడదగినంత దూరముననే నిలిచియున్నవి. 2015లో యునెస్కో వానిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది.

ఉదయమున మొదట చూడవలసినది రాజప్రాసాదములోని ప్రార్థనామందిరము. 1130లో సిసిలీకి తొలి రాజుగా కిరీటము ధరించిన రెండవ రోజర్ దీనిని కట్టించెను. పొడవాటి మండపము లాటిను పద్ధతి. గోడలపై బంగారు గాజుముక్కలతో కూర్చిన క్రీస్తు మూర్తి, సాధువుల మూర్తులు గ్రీకు పద్ధతి. పైకప్పు ముస్లిము శిల్పుల చేతిపని. తేనెపట్టు గదులవలె చెక్కిన ఆ కొయ్యకప్పు నిండ తంత్రులు మీటువారు, పానపాత్రలు పట్టినవారు, నర్తకులు కానవత్తురు. చదరంగమాడు ఇద్దరు కూడ అందున్నారు. భారతదేశమున పుట్టిన ఆట పారశీకుల మీదుగా అరబ్బులకు చేరి, వారి కుంచెతో క్రైస్తవ మందిరపు కప్పునెక్కినది! నేలపై నిలిచినవారి కంటికి ఆ చిన్న బొమ్మలు సరిగా ఆనవు; అయినను మెడ నొచ్చువరకు చూడవలసినదే. మందిరపు చెంత గోడలో 1142లో రోజర్ చేయించిన జలఘటికాయంత్రపు శాసనము లాటిను, గ్రీకు, అరబ్బీ భాషలలో కలదు.

తూర్పుగా కొంత నడచిన ప్రధాన దేవాలయము వచ్చును. మసీదు ఉన్న తావున 1185లో తిరిగి కట్టిన దీని దక్షిణ ముఖద్వారపు స్తంభముపై ఖురాను వాక్యము నేటికిని చెక్కుచెదరలేదు. లోపల రోజర్ సమాధి కలదు.

మధ్యాహ్నమునకు మార్తొరానా చేరవచ్చును. దీనిని రోజర్ నౌకాధిపతియైన అంతియొకయ జార్జి 1143లో కట్టించెను. ఇందలి చిత్రమున క్రీస్తు రోజర్‌కు కిరీటము పెట్టుచున్నాడు. రాజు పేరు గ్రీకు అక్షరములలో ఉన్నది. మక్కా యాత్ర ముగించి తిరిగిపోవుచున్న స్పెయిను వాసి ఇబ్న్ జుబైర్ 1184 క్రిస్మసు నాడు ఈ గుడిని చూచి అబ్బురపడెను. నగరపు క్రైస్తవ స్త్రీలు ముస్లిము స్త్రీలవలె ముసుగు వేసి, గోరింట పెట్టుకొని గుడికి వచ్చిరని వ్రాసెను. రాజసేవలోని ముస్లిములు తమ మతమును దాచుకొనుచుండిరనియు ఆయనయే వ్రాసెను. ఈ రెండవ మాటను మరచి పలెర్మోను పొగడుట తగదు.

సాయంకాలమునకు మిగిలినది నగరపు పడమటనున్న జీసా భవనము. 1165 ప్రాంతమున మొదలిడిన ఈ విహారసౌధము నేడు ప్రదర్శనశాల. అందొక చిన్న రాతిఫలక మున్నది. గ్రిసాండస్ అను క్రైస్తవ మతగురువు 1148లో మరణించిన తన తల్లి అన్నా పేర దానిని చెక్కించెను. ఆమె మరణవార్త లాటినులో, గ్రీకులో, అరబ్బీలో, హీబ్రూ అక్షరములతో వ్రాసిన అరబ్బీలో ఉన్నది. అరబ్బీ పాఠమున సంవత్సరము హిజరీ 543. ఎవరి లెక్క వారికే! తల్లి పోయిన దుఃఖమును ఇరుగుపొరుగు వారందరు తమ తమ లిపిలో చదువుకొనవలెనని ఆ కుమారుడు కోరియుండును.

రోజర్ దౌహిత్రుడైన రెండవ ఫ్రెడరిక్ 1220ల నుండి సిసిలీ ముస్లిములను ఇటలీలోని లుచేరాకు తరలించెను. 1492 నాటి స్పెయిను రాజాజ్ఞతో యూదులును ద్వీపము విడిచిరి. అన్నా ఫలకముపై చివరి రెండు లిపులను చదువువారు ఆ ఊర మిగులలేదు.