అర్హత ఉన్నా రేషన్ కార్డుకు దరఖాస్తు ఎందుకు చేయరు?

ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటుతుంది. అయినా రేషన్ కార్డు ఉండదు. ఎందుకు పెట్టుకోలేదని అడిగితే 'మనకెందుకులెండి' అంటారు. కష్టం బయటపడనివ్వని ఇలాంటి వాళ్లనే ఉర్దూలో సఫేద్‌పోష్ అంటారు. అవసరం లేక కాదు, వేరే కారణాలతో వీళ్లు దరఖాస్తు దాకా రారు.

హక్కా, ఖైరాతా?

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభా వరకు వర్తిస్తుంది. మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు ఇవ్వాలి. తెలంగాణలో మనిషికి 6 కిలోలు ఇస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. ఇది జకాత్ కాదు, సదఖా కాదు. చట్టం ఇచ్చిన హక్కు. తీసుకుంటే ఇజ్జత్ పోతుందన్న మాటే మొదటి అడ్డంకి.

మిగతా అడ్డంకులు

అర్హత తెలియకపోవడం: తెలంగాణలో కుటుంబ వార్షిక ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు. అద్దె ఇంట్లో ఉంటే కార్డు రాదన్నది అపోహ. భర్త ఊళ్లో లేకపోతే కుదరదన్నదీ అంతే. 18 ఏళ్లు నిండిన మహిళల్లో పెద్దావిడే కార్డులో ఇంటి పెద్ద అని చట్టమే చెబుతోంది.

పేర్ల తేడా: ఆధార్‌లో 'మహమ్మద్', సర్టిఫికెట్‌లో 'ఎండీ'. ఒకచోట 'బేగం' ఉంటుంది, ఇంకోచోట ఉండదు. సరిచేయించుకోవడానికి తిరిగిన ప్రతి రోజూ ఒక కూలి పోతుంది. ఆటో ఛార్జీలు అదనం.

పాత కార్డులో పేరు: పెళ్లైన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో తీసేస్తేనే అత్తింటి కార్డులో ఎక్కుతుంది. తలాక్ అయిన మహిళ పరిస్థితి ఇంకా కష్టం. పేరు తీయించడానికి మళ్లీ అత్తింటివాళ్లతో మాట్లాడాల్సి వస్తుందని చాలామంది ఊరుకుంటారు.

భయం: 2019-20 ఎన్‌ఆర్‌సీ చర్చ తర్వాత కాగితాలు ఇవ్వాలంటేనే కొందరికి జంకు. రేషన్ దరఖాస్తు పౌరసత్వ విచారణ కాదు.

విసుగు: కొత్త కార్డుల కోసం ఏళ్ల తరబడి చూసి ఆశ వదులుకున్నవాళ్లున్నారు. 2025 జులైలో పంపిణీ మళ్లీ మొదలైన తర్వాత కూడా 'ఎలాగూ రాదు' అనే మాట పోలేదు.

నష్టం ఎంత?

ఐదుగురున్న ఇంటికి నెలకు 30 కిలోలు. కిలో 50 రూపాయల చొప్పున లెక్కేసినా నెలకు 1,500, ఏడాదికి 18,000 రూపాయలు. 500 రూపాయల గ్యాస్ సిలిండర్‌కు, 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటుకు కూడా ఈ కార్డే ఆధారం. రెండు మూడు రోజుల కూలి పోతుందని ఆగితే పోయేది ఇంత.

ఏం చేయాలి?

కుటుంబంలో అందరి ఆధార్ కార్డులతో మీసేవలో దరఖాస్తు ఇవ్వాలి. రసీదు తప్పక తీసుకుని, దానిపై ఉన్న నంబరు దాచుకోవాలి. ఆపితే కారణం అడగాలి. 1967 నంబరుకు, జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి చెప్పుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది.

సఫేద్‌పోష్ కుటుంబం సాయం అడగదు. పక్కింటివాళ్లే ఒక పూట తీరిక చేసుకుని మీసేవ దాకా తోడు వెళ్తే, ఆ ఇంటికి ప్రతి నెలా బియ్యం వస్తాయి.