తప్పు లిపిది కాదు

కంప్యూటర్‌లో తెలుగు అంత ఆలస్యంగా ఎందుకు కుదురుకుందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే. మన లిపి చిక్కైనదట. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఇంగ్లీషు కోసం పుట్టిన యంత్రంలో ఇమడవట. లిపిని సంస్కరించాలన్నవాళ్ళు, రోమన్ లిపిలో రాసుకుంటే గొడవ ఉండదన్నవాళ్ళు, అసలు తెలుగుకి కంప్యూటర్ ఎందుకన్నవాళ్ళు, అందరూ ఈ మాటనే ఆసరా చేసుకుని వాదించారు. కానీ 1980ల నుంచి జరిగిన సంగతులను వరసగా పెట్టి చూస్తే ఈ వాదన నిలబడదు. మన లిపికి సరిపడే పద్ధతి 1991 నాటికే తయారై, జాతీయ ప్రమాణంగా అచ్చయి ఉంది. దాన్ని పక్కన పెట్టి కంప్యూటర్‌ను కేవలం అచ్చుయంత్రంగా చూసిన వ్యాపారం వల్ల, ఆ వ్యాపారానికి ఒక దారి చూపించాల్సిన ప్రభుత్వం ఊరుకోవడం వల్ల తెలుగు రాత నష్టపోయింది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

భారతీయ లిపులను తెరమీదికి తెచ్చే పని 1980ల మొదట్లో ఐఐటీ కాన్పూర్‌లో సాగింది. ఆ పరిశోధన నుంచే జిస్ట్ అనే సాంకేతికత పుట్టింది. పుణేలో సీడాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏర్పడ్డాక అది అక్కడికి చేరింది. అక్కడివాళ్ళు తీసుకున్న నిర్ణయం ఒకటి చాలా లోతైనది. కంప్యూటర్ దాచుకోవాల్సింది అక్షరం ఆకారాన్ని కాదు, వర్ణక్రమాన్ని. ఆకారం సంగతి తెరమీద చూపించేటప్పుడు, కాగితం మీద అచ్చువేసేటప్పుడు చూసుకోవచ్చు. 'శాస్త్రి' అనే మాటనే తీసుకోండి. పలికేటప్పుడు శ, దానికి దీర్ఘం, తర్వాత స, త, ర, చివర ఇకారం. రాసేటప్పుడు మాత్రం ఆ ఇకారపు గుడి వెళ్ళి స మీద కూర్చుంటుంది, త, ర రెండూ ఒత్తులై చుట్టూ చేరతాయి. వినిపించే వరస వేరు, కనిపించే వరస వేరు. వినిపించే వరసను దాచిపెట్టుకుంటే కనిపించే వరసను యంత్రమే లెక్కగట్టగలదు. బ్రాహ్మి నుంచి వచ్చిన లిపులన్నిటి వర్ణమాల దాదాపు ఒకటే కనుక ఒకే పట్టికతో తెలుగు, కన్నడం, బెంగాలీ, హిందీ అన్నీ నడుస్తాయి. ఆ పట్టికే ఇస్కీ. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ 13194 అనే సంఖ్యతో ప్రమాణంగా ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు కూడా ఇస్కీ 1988 రూపాన్ని అనుసరించి తెలుగుకు 128 గళ్ళు కేటాయించింది. అంటే దేశంలోని ప్రమాణం, ప్రపంచ ప్రమాణం ఒకే సూత్రం మీద నిలబడ్డాయి. చిక్కైన లిపి అన్నమాటకు అప్పుడే సమాధానం దొరికింది.

ఆ సమాధానం తెలుగు అచ్చు రంగం గడప దాటి లోపలికి రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే సీసపు అక్షరాల పెట్టెలు మూలపడి హైదరాబాదు, విజయవాడ ప్రెస్సుల్లోకి కంప్యూటర్ మీద పుటలు కూర్చే డీటీపీ వచ్చింది. ప్రెస్సు యజమానికి కావలసింది అందుకు వాడే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పనిచేసే అందమైన అక్షరం. ఇంగ్లీషు కోసం చేసిన ఫాంటులో గళ్ళు 256కు మించవు, వాటిలోనూ కొన్ని వాడుకోవడానికి వీలుండదు. తెలుగు ఆకారాలన్నీ అందులో పట్టవు. అందుకని ఫాంటు తయారుచేసేవాళ్ళు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒక్కో ఒత్తు ఒక్కో ముక్క, కొన్ని గుడులు మాత్రం హల్లుతో కలిపి ఒకే బొమ్మ. ఏ ముక్క ఏ గడిలో ఉండాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. టైపు చేసినవన్నీ కంప్యూటర్ దృష్టిలో ఇంగ్లీషు అక్షరాలు, యూరప్ భాషల యాస గుర్తులే. వాటిమీద తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తలాతోకా లేని రోమన్ గుర్తులు కనిపించేవి. ఒక మాటను వెతకడం కుదరదు, పేర్లను అకారాది క్రమంలో పెట్టడం కుదరదు. ఒక కంపెనీ ఫాంటులో కూర్చిన పుస్తకం ఇంకో కంపెనీ ఫాంటులోకి మారదు. పత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు పాఠకుడు ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు దింపుకోవాల్సి వచ్చింది. సెర్చ్ ఇంజన్లకు ఆ పేజీల్లో తెలుగు అన్నదే కనిపించలేదు. రోజూ లక్షలమంది చదివిన వార్తలు, సంపాదకీయాలు, కథలు మర్నాటికి వెతికినా దొరకని స్థితిలో పడిపోయాయి. ఒక భాష రాతకు ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

దీనికి ప్రెస్సు రంగం వైపు నుంచి గట్టి జవాబే ఉంది. అప్పుడు వేరే మార్గం ఎక్కడుందని వాళ్ళు అడుగుతారు. జిస్ట్ కార్డు విడిగా కొని కంప్యూటర్‌లో బిగించుకోవాలి, దానికి ఖర్చు. విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో గానీ రాలేదు. వచ్చాక కూడా సీడీ పెట్టి ఆ సదుపాయాన్ని విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. పేజ్‌మేకర్ తన చివరి కూర్పు దాకా యూనికోడ్ తెలుగును పట్టించుకోలేదు. పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ప్రధానమైన ఇన్‌డిజైన్ భారతీయ లిపులను ఆదరించింది 2012లో. కనుక 1993లో ఆ ముక్కల ఫాంటు కొనుక్కున్న ప్రెస్సు యజమానిని తప్పుపట్టడం అన్యాయమే. ఆ ఫాంటులే తెలుగు పుస్తకాన్ని చవకగా, వేగంగా పాఠకుడి చేతికి అందించాయి, ఎంతోమంది ఆపరేటర్లకు బతుకు చూపించాయి. ఇదంతా నిజం, ఒప్పుకుంటాను. అయితే ఆ యజమాని నిస్సహాయత ఫాంటు అమ్మినవాళ్ళకు వర్తించదు. లోపల వర్ణక్రమాన్ని దాచుకుని, అచ్చు సమయానికి ముక్కలుగా మార్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్ అసాధ్యమేమీ కాదు. అది చెయ్యలేకపోయినా, ఏ గడిలో ఏ ముక్క ఉందో చెప్పే పట్టికను బయటపెట్టవచ్చు. కనీసం అందరూ కూర్చుని ఒకే పట్టికకు ఒప్పుకోవచ్చు. ఈ మూడింటిలో ఒక్కటీ అచ్చు రంగంలో ఆనవాయితీ కాలేదు. ఎవరి పట్టిక వాళ్ళ దగ్గర గుట్టుగా ఉన్నంతకాలం కొనుగోలుదారు ఇంకో దుకాణానికి పోలేడు కదా.

అలా ఒప్పుకోవడం సాధ్యమేనని పక్క రాష్ట్రం చూపించింది. 1999లో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ సదస్సు తర్వాత తమిళనాడు ప్రభుత్వం ట్యామ్, ట్యాబ్ అనే రెండు ఫాంటు పట్టికలను, తమిళ్99 కీబోర్డును ప్రమాణాలుగా నిర్ణయించింది. అవి శాశ్వత పరిష్కారాలు కావు, యూనికోడ్ వచ్చాక వెనక్కి తగ్గాయి. అయినా ప్రభుత్వం, పండితులు, వ్యాపారులు, విదేశాల్లోని తమిళులు ఒక గదిలో కూర్చుని వాదించుకుని ఒక మాట మీదికి వచ్చారు. తమిళంలో ఒత్తులు లేవు, ముక్కలు తక్కువ, అందుకే వాళ్ళకు కుదిరిందని అనవచ్చు. ముక్కలు తక్కువన్నది నిజమే. కానీ మన ముక్కలు గళ్ళలో పట్టకపోవడం సమస్య కాదు. ప్రతి కంపెనీ వాటిని ఎలాగోలా పట్టించి అమ్మింది. లేనిది సాంకేతికత కాదు, ఒప్పందం. ఆ ఒప్పందానికి పిలుపునివ్వాల్సిన మన రాష్ట్ర ప్రభుత్వం ఆ రోజుల్లో కంప్యూటర్ పేరు చెప్పి దేశమంతటా గుర్తింపు తెచ్చుకుంటోంది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. అదే నగరంలో ఒక డీటీపీ సెంటర్‌లో కూర్చిన ఫైలు, పక్క వీధిలో వేరే కంపెనీ ఫాంటు వాడే సెంటర్‌లో చదవడానికి పనికొచ్చేది కాదు.

వ్యాపారం చెయ్యని పనిని డబ్బు ఆశించని మనుషులు చేశారు. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్‌ను ఇక్కడ తలుచుకోవాలి. అది తెలుగును రోమన్ అక్షరాలతో రాసే పద్ధతి. లిపిని వదిలేశారని దాన్ని నిందించినవాళ్ళు ఉన్నారు. ఆ నింద తగదు. చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడాతో త, ట వంటి వర్ణాలను విడదీసి, ఒక రోమన్ వరసకు ఒకే తెలుగు మాట వచ్చేలా దాన్ని కట్టారు. చూడడానికి ఇంగ్లీషులా ఉన్నా అది దాచుకున్నది వర్ణక్రమాన్నే. సూత్రంలో అది ఇస్కీకి, యూనికోడ్‌కు దగ్గరి చుట్టం. అందుకే ఆ రోజుల్లో ఆర్‌టీఎస్‌లో టైపు చేసిన పద్యాన్ని ఈనాడు చిన్న ప్రోగ్రాముతో తెలుగు లిపిలోకి తేవచ్చు. అదే రోజుల్లో ఒక ప్రెస్సులో అందమైన తెలుగు ఫాంటుతో కూర్చిన పుస్తకాన్ని తేవాలంటే ముందు ఆ ఫాంటు ఏదో తెలియాలి, దాని పట్టిక దొరకాలి, మార్చాక ప్రతి పుటా మళ్ళీ ప్రూఫు చూడాలి. రోమన్‌లో రాసింది బతికింది, తెలుగులా కనిపించింది చిక్కుబడింది. తప్పు లిపిది కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఎక్స్‌పీ వచ్చాక కథ వేగం అందుకుంది. దేశికాచారి రూపొందించిన పోతన ఫాంటు ఉచితంగా అందింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాను మొదలుపెట్టారు. పత్రికల సొంత ఫాంటులను చదివి యూనికోడ్‌లో చూపించే పద్మ అనే పనిముట్టు కూడా ఆయనదే. ఏ గడిలో ఏ ముక్క ఉందో ఓపికగా పోల్చి చూసి, కంపెనీలు బయటపెట్టని పట్టికలను తిరిగి కట్టిన పని అది. 2006లో వీవెన్ లేఖిని తెచ్చారు. కీబోర్డు నేర్చుకోని వాళ్ళు కూడా రోమన్‌లో కొట్టి తెలుగు చూసుకోగలిగారు. లిపి అంతకుముందు ఎలా ఉందో అప్పుడూ అలాగే ఉంది. ఒక్క ఒత్తు మారలేదు.

యూనికోడ్ కూడా లోపరహితం కాదనే వాదన ఒకటుంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. దేవనాగరిని మనసులో పెట్టుకుని చేసిన చట్రంలో మనల్ని ఇరికించారన్నది అందులో సారం. ఈ అసంతృప్తితోనే తమిళనాడు 2010లో యూనికోడ్‌తో పాటు, ప్రతి గుణింతాక్షరానికీ విడి గడి ఇచ్చే టేస్16ను కూడా ప్రమాణంగా ప్రకటించింది. మన విషయంలో దంత్య చ, జ అయిన ౘ, ౙలకు 2008 దాకా చోటు దొరకలేదు. పాత గ్రంథాల్లో తప్పనిసరైన నకారపొల్లుకు 2021 దాకా దొరకలేదు. ఈ లోపాలను గట్టిగా ఎత్తిచూపాల్సిందే. కానీ అవి ఎలా తీరాయో చూడండి. ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు, ఆధారాలు చూపవచ్చు, వాదించవచ్చు, ఒప్పుకున్నాక ఆ అక్షరం ప్రపంచమంతటికీ అందుతుంది. గుట్టుగా ఉంచిన ఫాంటు పట్టికలో అక్షరం లేకపోతే ఎవరిని అడగాలి? 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక విభాజక గుర్తుతో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. అప్పుడూ కొందరు తెలుగు లిపి చిక్కు అనే అన్నారు. పొరపాటు అక్షరాన్ని గీసే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కొద్ది రోజుల్లో ఐఓఎస్ 11.2.6తో వాళ్ళు దాన్ని సరిచేశారు. అక్షరం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ఫోన్లలో అందరూ యూనికోడ్ తెలుగే రాస్తున్నారు, మార్పిడి సాధనాలు ఉన్నాయి, అచ్చు పుటను ఫొటో తీస్తే చదివే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది, మరి పాత గొడవ తవ్వడం ఎందుకని అడగవచ్చు. తవ్వాల్సింది ఎందుకంటే అది ఇంకా ముగియలేదు. చాలా డీటీపీ సెంటర్లలో పుస్తకాలు ఈనాటికీ ఆ పాత ఫాంటులతోనే కూర్చుతున్నారు. రచయిత యూనికోడ్‌లో పంపినదాన్ని వెనక్కి ముక్కల్లోకి మార్చి అచ్చువేస్తున్నారు. ప్రూఫు దిద్దాక మిగిలే మంచి ప్రతి మళ్ళీ ఎవరూ వెతకలేని ఫైలులో పడుతోంది. పేజ్‌మేకర్ 2001 నాటి 7.0 కూర్పుతో ఆగిపోయింది. దాన్ని నడిపే పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే పాడవుతున్నాయి. మూడు దశాబ్దాల తెలుగు పుస్తకాల దిద్దిన ప్రతులు వాటిలోనే ఉన్నాయి.

ప్రచురణకర్తలను, రచయితలను నేను కోరేది ఒకటే. మీ పాత ఫైళ్ళు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయో ఈ నెలలోనే వెతకండి, వాటితో పాటు ఆ ఫాంటులను కూడా భద్రం చెయ్యండి, ఒక్కో పుస్తకాన్నీ యూనికోడ్‌లోకి మార్పించి ప్రూఫు చూడండి. కొత్త పుస్తకం అచ్చుకిచ్చేటప్పుడు దిద్దిన యూనికోడ్ ప్రతి మీ చేతికి వచ్చాకే బిల్లు చెల్లించండి. గ్రంథాలయాల కోసం పుస్తకాలు కొనే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అచ్చు ప్రతితో పాటు ఆ ఫైలు కూడా ఇవ్వాలని షరతు పెట్టాలి.