శామీర్‌పేట చెరువులో పుట్టి

సముద్రం జాడలేని మా శామీర్‌పేటలో నావల గురించి రాయడానికి ఏముందని అడిగేవాళ్లకు నేను చెరువు కట్ట చూపిస్తాను. కరీంనగర్ రోడ్డు మీద పోయేవాళ్లకు నీళ్లే కనిపిస్తాయి. ఆ నీళ్ల మీద చేపలు పట్టేవాళ్లు తిప్పిన గుండ్రటి వెదురు పడవ, పుట్టి, కూడా ఊరి చరిత్రే.

పుట్టి అల్లడం చిన్నప్పుడు కట్ట కింద చూశాను. మేడ్చల్ నుంచి తెచ్చిన వెదురును బద్దలుగా చీల్చి చెరువులోనే నానేసేవాళ్లు. నేల మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పరిచి అల్లి, నడుమ బండరాళ్లు పెట్టి, కొసలు పైకి వంచి చుట్టూ లావుపాటి అంచు అల్లేవాళ్లు. మనిషి బరువూ చేపల బరువూ పడేది అడుగు మీదే కనుక అక్కడ ఇంకో వరస బద్దలు దూర్చేవాళ్లు. పూర్వం బర్రెతోలు కప్పేవాళ్లట. నేను చూసేనాటికి యూరియా సంచులు కుట్టి, కాచిన తారు పూస్తున్నారు.

బలమంతా అంచుదే. వంచిన వెదురు విచ్చుకోవాలని చూస్తుంది, నీళ్లు బయటి నుంచి లోపలికి నెడతాయి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టాలాగా అంచు ఆ రెంటినీ ఆపుతుంది. మొదటిసారి ఎక్కుతుంటే “నడుమల కాలు పెట్టు బిడ్డా, అంచు తొక్కకు” అన్నాడు తాత. కాలి కింద అడుగు మెత్తగా దిగి మళ్లీ లేచింది.

పొడవాటి ఓడకు అలా దిగి లేచే వెసులుబాటు లేదు. అల నడుము కిందికొస్తే కొసలు వేలాడి పైన డెక్కు సాగుతుంది. కొసల కింద అలలుంటే నడుము కుంగి అడుగు సాగుతుంది. అందుకే డెక్కునూ అడుగునూ మందమైన ఉక్కుతో కడతారు. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ జలప్రవేశం చేయించిన జలఉష ఓడకైనా ఇదే లెక్క. ఉక్కు మందంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. 1943 జనవరిలో అమెరికాలో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు రేవులో నిలిచి ఉండగానే రెండుగా విరిగింది. చలికి ఉక్కు పెళుసెక్కింది, వెల్డింగులో లోపం ఉంది. ఒకచోట మొదలైన పగులు ఆగకుండా పాకింది. పుట్టిలో బద్ద విరిగితే ఆ విరుపు అక్కడే ఆగుతుంది. పక్క బద్దలు బరువు పంచుకుంటాయి. ఇంత తెలివి మా చెరువు గట్టున పుస్తకం లేకుండా చేతుల్లో నడిచిందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు థర్మాకోల్ తెప్పలొచ్చాయి. తేలిక, చవక. బతుకుదెరువు కోసం వాడేవాళ్లను తప్పుపట్టను. మా పెరట్లో ఒక పాత పుట్టి బోర్లా ఉంది. నిరుడు దాని అంచు కొలిచి, బద్దలు లెక్కపెట్టి నోటుబుక్కులో గీసుకున్నాను. అడుగున ఆ రెండో వరస ఎక్కడ మొదలైందో మాత్రం విప్పితే తప్ప తెలియదు. విప్పడానికి చెయ్యి రావడం లేదు.