ఎందుకో రాసిపెట్టని నిర్ణయం

రెండేళ్ళ క్రితం మా ప్రాజెక్టులో ఒకే ఒక్క లైను కోడు తీసేశాను. రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబు ఒకటి మధ్యలో 90 సెకన్లు ఊరికే ఆగి, మళ్ళీ మొదలయ్యేది. ఎందుకో కామెంటు లేదు. అడిగితే "ముందునుంచీ అలాగే ఉంది" అన్నారంతా. రాసినాయన కంపెనీ మారిపోయాడు. సరే, మనమే బాగుచేద్దామని తీసిపారేశాను. నెలాఖరు రాత్రి లెక్కలన్నీ రెండేసిసార్లు పడ్డాయి! ఆయన నంబరు పట్టుకుని ఫోన్ చేస్తే తెలిసింది: అవతలి సిస్టమ్ తన ఫైలు మూసేదాకా ఆగడానికట. ఏదో మీటింగులో అనుకున్నారు, ఎక్కడా రాయలేదు. రెండు రాత్రులు ఇంటికెళ్ళకుండా కూర్చుని అన్నీ సరిచేశాం.

తిట్లు తిన్న ఆ వారంలోనే ఏరియాన్ 5 విచారణ నివేదిక మొత్తం చదివాను. "ఓవర్‌ఫ్లో వల్ల రాకెట్ పేలిపోయింది" అన్నంతవరకు మనందరికీ తెలిసిందే. అసలు కథ అంతకంటే పెద్దది.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియాన్ 5 మొదటిసారి ఎగిరింది. దాదాపు 37 సెకన్లకి దారి తప్పి, వెంటనే ముక్కలైపోయింది. దాంతోపాటు నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ పోయాయి.

రాకెట్ దిశని, వేగాన్ని కొలిచే యూనిట్‌లోని సాఫ్ట్‌వేరుని ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నారు. అందులో ఒకచోట 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యని 16 బిట్ల ఇంటీజర్‌గా మారుస్తారు. 32,767 దాటితే పట్టదు. రాసినవాళ్ళకి ఇది తెలీదనుకుంటున్నారా? బాగా తెలుసు. ఇలాంటి ప్రమాదం ఉన్న వేరియబుల్స్ ఏడని తేల్చారు. ప్రాసెసర్ లోడు 80 శాతం మించకూడదన్నది లక్ష్యం కాబట్టి నాలుగింటికి రక్షణ పెట్టి, మూడింటిని వదిలేశారు. అవి అంత పెరిగే వీల్లేదని వాళ్ళ లెక్క. భాగస్వాములంతా కలిసి ఒప్పుకున్న నిర్ణయమే అది. ఏరియాన్ 4కి సరిపోయింది కూడా.

కానీ ఏరియాన్ 5 ఎగిరే దారి వేరు. మొదట్లోనే అడ్డదిశలో వేగం చాలా ఎక్కువ. వదిలేసిన మూడింట్లో ఒకటి హద్దు దాటింది. బ్యాకప్ యూనిట్‌లోనూ అదే సాఫ్ట్‌వేరు, అదీ అలాగే ఆగిపోయింది. ఇంకో విడ్డూరం ఏంటంటే, ఆ లెక్క కట్టే భాగానికి రాకెట్ లేచాక పనే లేదు! ఏరియాన్ 4లో కౌంట్‌డౌన్ చివర్లో ఆగితే త్వరగా మళ్ళీ మొదలెట్టడానికని దాన్ని రాకెట్ లేచాక కూడా కాసేపు నడవనిచ్చేవారు. ఆ అవసరం ఏరియాన్ 5కి లేదు, కోడు మాత్రం వచ్చేసింది.

ఆ మూడింటిని ఎందుకు వదిలేశారో సోర్సు కోడులో ఎక్కడా లేదని విచారణ బోర్డు రాసింది. కావాలని ఎవరూ దాచలేదు. అంత పెద్ద డాక్యుమెంటేషన్‌లో మునిగిపోయి, బయటివాళ్ళ రివ్యూకి కనబడకుండా పోయింది, అంతే. కారణాలు రాసిన పత్రాల మీద కూడా కోడు మీద పెట్టినంత శ్రద్ధ పెట్టమని బోర్డు సలహా ఇచ్చింది.

మన దగ్గర డాక్యుమెంట్లంటే విసుగు. "ఎవడు చదువుతాడండీ" అంటాం. నిజమే, కూరూలో జరిగింది కూడా కాగితాలు లేక కాదు. ఉండాల్సిన ముక్క ఉండాల్సిన చోట లేక. 2011లో మైకేల్ నైగార్డ్ చెప్పిన పద్ధతి నాకు అందుకే నచ్చింది. ఒక్కో నిర్ణయానికి ఒకటి రెండు పేజీలు, అంతకు మించొద్దు. అప్పటి పరిస్థితి ఏంటి, ఏం నిర్ణయించాం, ఇప్పుడది అమల్లో ఉందా, దానివల్ల ఏమవుతుంది. ఇదంతా కోడు పక్కనే ఉండాలి. నిర్ణయం మారితే పాతది చెరిపెయ్యకుండా, దాని స్థానంలో ఏది వచ్చిందో రాయాలి.

మా టీములో దీనికి ఇంకో ప్రశ్న కలిపాం: "ఏం మారితే ఇది తప్పవుతుంది?" ప్రతి రిలీజుకి ముందు ఆ జవాబులు మాత్రం చదువుతాం. అరగంట పని.

ఆ 90 సెకన్ల లైను మళ్ళీ పెట్టాను. పైన మూడు లైన్ల కామెంటు కూడా రాశాను. నా తర్వాత వచ్చేవాడు దాన్ని తీసేస్తే తీసెయ్యనీండి. కనీసం తెలిసి తీస్తాడు కదా!